చిప్ లోపల ప్రయారిటీ ఇస్తే గ్యారంటీ ఇచ్చినట్టేనా?

నమస్కారం. ఫోన్ తెర మీద బొమ్మ నిలకడగా కనిపించాలంటే డిస్‌ప్లే కంట్రోలర్‌కు మెమరీ నుంచి డేటా ఆగకుండా అందుతూ ఉండాలి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లే టైమ్. బఫర్ (వచ్చిన డేటాను కాసేపు దాచుకునే చోటు) ఖాళీ అయ్యేలోపు డేటా రాకపోతే తెర మినుకుమంటుంది. సరిగ్గా అప్పుడే సీపీయూ, జీపీయూ, కెమెరా కూడా అదే మెమరీ కోసం అవే దారుల్లో తోసుకొస్తుంటాయి. ఆ దారుల అల్లికే నెట్‌వర్క్ ఆన్ చిప్. సీపీయూ, జీపీయూ లాంటి బ్లాకుల మధ్య విడివిడిగా తీగలు లాగే బదులు డేటాను ప్యాకెట్లుగా పంపుదామని విలియం డాలీ, బ్రయాన్ టౌల్స్ 2001లో ప్రతిపాదించారు.

మరి డిస్‌ప్లేకు టైమ్‌కి డేటా అందేదెలా? ప్రయారిటీ పెంచితే సరి అంటారు చాలామంది. చిప్ లోపలి బ్లాకులు డేటా పంపుకునే ఏఎక్స్ఐ4 బస్ ప్రమాణంలో అందుకు 4 బిట్లున్నాయి, 0 నుంచి 15 దాకా విలువ ఇవ్వొచ్చు. కానీ ప్రయారిటీ పనిచేసేది రెండు ప్యాకెట్లు ఒకే ఆర్బిటర్ (ఎవరు ముందు వెళ్లాలో తేల్చే సర్క్యూట్) ముందు పోటీ పడినప్పుడే. మీ అర్జంటు ప్యాకెట్ ముందు అదే క్యూలో మామూలు ప్యాకెట్ ఇరుక్కుని ఉంటే, 15 వేసినా కదలదు. ఒకే లింకు మీద వేర్వేరు క్యూలు నడిపే వర్చువల్ ఛానెళ్లు పెట్టేది ఈ ఇరుకు తప్పించడానికే.

సరే, అందరికీ సమానంగా పంచితే? ఇక్కడ లెక్క చూడండి, నాకు చాలా ఇష్టమైన లెక్క ఇది. ఒకే వరుసలో నాలుగు బ్లాకులు, చివర మెమరీ. ప్యాకెట్లను దారి పట్టించే ప్రతి రౌటర్ రౌండ్ రాబిన్‌లో, అంటే వంతులవారీగా, వెనక నుంచి వచ్చేదానికి సగం, తన బ్లాకుకు సగం ఇస్తుంది. అన్నీ నిండుగా పంపుతుంటే మెమరీ పక్కనున్న బ్లాకుకు సగం బ్యాండ్‌విడ్త్, దాని వెనక దానికి పావు, చివరి రెండింటికీ ఎనిమిదో వంతు చొప్పున మిగులుతుంది. ఏ రౌటరూ అన్యాయం చేయలేదు, అయినా దూరంగా ఉన్నవాళ్లు నష్టపోయారు!

అందుకే గట్టి గ్యారంటీ కావాలంటే ముందే రిజర్వ్ చేసుకోవాలి. ఫిలిప్స్ పరిశోధకులు తయారుచేసిన ఈథీరియల్ నెట్‌వర్క్‌లో కాలాన్ని స్లాట్లుగా కోశారు. ఈ రౌటర్‌లో 3వ స్లాట్ మీదైతే తర్వాతి రౌటర్‌లో 4వది మీదే. దారిలో ఢీకొనే ప్రసక్తే లేదు. 32 బిట్ల లింకు 500 మెగాహెర్ట్జ్‌లో నడిస్తే సెకనుకు 2 గిగాబైట్లు. స్లాట్ల టేబుల్‌లో, అంటే ఒక చుట్టులో, 16 స్లాట్లుంటే ఒక్కో స్లాటుకు 125 మెగాబైట్లు. రెండు స్లాట్లను ఎడంగా పెట్టుకుంటే ఎనిమిది స్లాట్లకు మించి ఆగాల్సిన పని లేదు. ఇది సగటు కాదు, గరిష్ఠం. బ్రేకులు, ఎయిర్‌బ్యాగుల చిప్‌లకు కావాల్సింది ఈ గరిష్ఠమే. వాడని స్లాట్లు వృథా పోకుండా వాటిలో హామీ లేని ట్రాఫిక్‌ను పంపుతారు.

ఒక మాట గట్టిగా చెప్తాను: నెట్‌వర్క్ ఒక్కదానికే గ్యారంటీ రాసుకుని ఊరుకోకండి. చివర్లో డీర్యామ్, అంటే ఆ మెమరీ చిప్, ఉంది. డీడీఆర్4 రకం డీర్యామ్‌లో దాచిన డేటా చెరిగిపోకుండా మామూలు ఉష్ణోగ్రత దగ్గర సగటున 7.8 మైక్రోసెకన్లకోసారి రిఫ్రెష్ కమాండ్ వెళ్లాలి. ఆ కాసేపు మీ రిక్వెస్టు ఆగాల్సిందే. ఆ ఆగే సమయం కూడా డిస్‌ప్లే బఫర్ సైజు లెక్కలోకి రావాలి.