ఫ్యామిలీ కోర్టుకి ఎవరో ఒకరిని వేస్తే సరిపోదు

అందరికీ నమస్కారం. జడ్జి పోస్టుల ఖాళీల గురించి మాట్లాడమన్నారు. ఎన్ని ఖాళీలున్నాయి, ఎప్పుడు నింపుతారు అన్నది ముఖ్యమే. కానీ ఫ్యామిలీ కోర్టుకి, నేరారోపణ ఉన్న పిల్లల కేసులు చూసే జువెనైల్ బోర్డుకి ఎవరిని వేస్తున్నాం, వేసినవాళ్ళని అక్కడ ఎంతకాలం ఉండనిస్తున్నాం అన్నది నాకు అంతకంటే పెద్ద ప్రశ్న.

కస్టడీ కేసే తీసుకోండి. అమ్మ ఒకవైపు, నాన్న ఒకవైపు, మధ్యలో ఎనిమిదేళ్ళ పాప. జడ్జి గారు పాపని ఛాంబర్లోకి పిలిపించి, అందరినీ బయటికి పంపేసి, స్కూలు సంగతులతో మొదలుపెట్టి మెల్లగా మాట్లాడిస్తారు. మొదట వచ్చేవి ఇంట్లో నేర్పి పంపిన మాటలే, అది ఇక్కడున్న లాయర్లందరికీ తెలుసు. అసలు సంగతి ఎప్పటికో బయటపడుతుంది. రికార్డులోకి ఎక్కేది మాత్రం నాలుగు లైన్లు. పాప మాట్లాడుతూ ఎక్కడ ఆగిపోయింది, ఎవరి పేరు ఎత్తగానే తల దించుకుంది, ఇవేవీ ఫైల్లో ఉండవు. ఆర్డర్ రాసేలోపే ఆ జడ్జి గారికి బదిలీ అయితే, కొత్తవాళ్ళు వచ్చేదాకా పక్క కోర్టు జడ్జికి ఇన్‌ఛార్జి ఇస్తారు, ఆయనకి సొంత కేసులే తలకు మించి ఉంటాయి కాబట్టి వాయిదా మీద వాయిదా పడుతుంది, చివరికి కొత్త జడ్జి వచ్చి "ఎవరి దగ్గర ఉంటావమ్మా" అని మళ్ళీ మొదటినుంచి అడగాలి. ఈలోగా పాప ఎవరి దగ్గరుందో అక్కడే అలవాటు పడిపోతుంది, ఇప్పుడు కదిలిస్తే పిల్ల బెంగపెట్టుకుంటుందని కస్టడీ కూడా వాళ్ళకే వెళ్తుంది. రెండో మనిషి వాదన ఎవరూ పూర్తిగా వినలేదు. ఇది చాలా అన్యాయం.

చట్టం రాసినవాళ్ళు ఇది ఆలోచించారు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 4వ సెక్షన్ చదవండి. జడ్జికి ఏడేళ్ళ అనుభవం ఉండాలని చెప్పి ఆగలేదు. కాపురాలు నిలబెట్టాలని, పిల్లల బాగు చూడాలని పట్టుదల ఉన్నవాళ్ళని, రాజీ, కౌన్సెలింగ్‌తో తగవు తీర్చగల నేర్పున్నవాళ్ళని ఎంచాలంది. మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలంది. 13వ సెక్షన్ ప్రకారం ఇక్కడ లాయర్ని పెట్టుకోవడం హక్కు కూడా కాదు. చాలాచోట్ల అనుమతి ఇస్తున్నారు, అది వేరే సంగతి, కానీ చట్టం కోరుకున్నది మొగుడూ పెళ్ళాలతో నేరుగా మాట్లాడగలిగే జడ్జిని. మనం చూస్తున్నదేమిటి? నిన్నటిదాకా భూమి తగాదాలు, హత్య కేసులు విన్నవాళ్ళకి ఇది ఇంకో పోస్టింగ్, అంతే. వాళ్ళు మంచి జడ్జీలే, నేను కాదనను. ఈ పని మెలకువ పట్టుబడేసరికే బదిలీ ఆర్డర్ వచ్చేస్తోంది.

మనోవర్తి గురించి ఎక్కువ చెప్పను. మధ్యంతర మనోవర్తి పిటిషన్‌ని నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు, తేల్చాలని చట్టంలోనే ఉంది. సీటులో మనిషి లేకపోతే ఆ గడువుకి అర్థం ఏముంది?

జువెనైల్ బోర్డు సంగతి ఇంకా బాధాకరం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం బోర్డులో కనీసం మూడేళ్ళ అనుభవమున్న మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండాలి, ఆ ఇద్దరిలో ఒక్కరైనా మహిళ కావాలి. నియమించిన 60 రోజుల్లో ట్రైనింగ్ ఇవ్వాలి. విచారణ 4 నెలల్లో అయిపోవాలి, అవసరమైతే ఇంకో 2 నెలలు పొడిగించొచ్చు. తుది ఉత్తర్వు ఇచ్చేటప్పుడు ఆ మేజిస్ట్రేట్, అంటే బోర్డు ప్రిన్సిపల్ మేజిస్ట్రేట్, ఉండి తీరాలి. అంటే ఆ ఒక్క పోస్టు ఖాళీ అయితే మిగతా ఇద్దరూ రోజూ వచ్చి కూర్చున్నా కేసు ముగియదు. ఉన్న మేజిస్ట్రేట్‌కే మామూలు క్రిమినల్ కోర్టు కూడా అప్పగిస్తే, రిమాండ్లూ బెయిళ్ళూ చూసుకుని మిగిలిన టైమే పిల్లలకి. పదహారు దాటిన కుర్రాడి మీద ఘోరమైన నేరం మోపితే, వాణ్ణి పెద్దవాడిలా విచారించాలా వద్దా అన్నది తేల్చే తొలి అంచనా వేసేదీ ఈ బోర్డే. అలసిపోయి వచ్చిన మనిషి చేత హడావిడిగా చేయించే పనా అది?

ఒకేచోట ఎక్కువకాలం ఉంచితే పరిచయాలు పెరుగుతాయని కొందరంటారు. ఆ భయం ఉత్తదేం కాదు, అయినా మూడేళ్ళు ఎక్కువ కాదు. కనీసం మూడేళ్ళు కదపొద్దు. పిల్లలతో మాట్లాడటం పూర్తయిన కస్టడీ కేసుల్లో ఆర్డర్లు ఇచ్చాకే రిలీవ్ చేయాలి. నాలుగు సిట్టింగులు పట్టిన రాజీని కూడా డిస్పోజల్స్ లెక్కలో, అంటే జడ్జి ఎన్ని కేసులు ముగించారన్న లెక్కలో, గట్టిగా చూపాలి, లేకపోతే జడ్జికి రాజీ చేయించే ఓపిక ఎక్కడినుంచి వస్తుంది? బదిలీల జాబితా తయారయ్యేది హైకోర్టులో కాబట్టి, జాబితా బయటికొచ్చాక గొడవపడటం కాకుండా అంతకు ముందే బార్ అసోసియేషన్లు ఈ మూడూ రాతపూర్వకంగా అడగాలి.