1.33ను ఒకటి అనుకుంటే: అణుభారం లెక్కలపై ఫోన్-ఇన్

నిర్వాహకురాలు: నమస్కారం. తిరుపతి నుంచి ప్రసారమవుతున్న ఈ ఫోన్-ఇన్ కార్యక్రమంలో, భార శాతాలతో ముడిపడిన అణుభారం లెక్కలపై మీ సందేహాలకు రసాయన శాస్త్ర అధ్యాపకులు సమాధానమిస్తారు. మొదటి ఫోను పలమనేరు నుంచి. చెప్పమ్మా.

శ్రోత: నమస్కారం సార్. నేను ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఒక సమ్మేళనంలో కార్బన్ 40.92, హైడ్రోజన్ 4.58, ఆక్సిజన్ 54.50 శాతం ఉన్నాయని, అణుభారం 176 అని ఇచ్చి ఫార్ములా కనుక్కోమన్నారు. నాకు మూడు మూలకాలూ ఆరేసి పరమాణువులుగా వచ్చాయి. కూడితే 174 అయింది. తేడా రెండే కదా అని వదిలేస్తే మార్కులు పడలేదు.

అధ్యాపకులు: శాతాలను పరమాణు భారాలతో భాగించినప్పుడు ఏమొచ్చిందమ్మా?

శ్రోత: 3.41, 4.54, 3.41 సార్. వాటిని చిన్న సంఖ్యతో భాగిస్తే 1, 1.33, 1 వచ్చాయి. 1.33ను ఒకటిగా తీసుకున్నాను.

అధ్యాపకులు: అక్కడే జారావు. 1.98 వస్తే రెండు అనుకోవచ్చు, ఆ కొద్దిపాటి తేడా కొలతలో దొర్లేదే, కానీ 1.33 అంటే ఒకటిన్నీ మూడో వంతున్నూ కాబట్టి, మూడు సంఖ్యలనూ 3తో హెచ్చించి 3, 4, 3 అని రాయాలి. ఇది అనుభావిక ఫార్ములా, అంటే పరమాణువుల కనిష్ఠ నిష్పత్తి మాత్రమే; దాని భారం 88. 176ను 88తో భాగిస్తే 2 వస్తుంది కనుక అణువులో ఆరు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు ఉంటాయి. అది మన ఉసిరికాయలో ఉండే విటమిన్ సి. నీ జవాబును వెనక్కి లెక్కించి ఉంటే హైడ్రోజన్ 3.45 శాతమే వచ్చి, తప్పు నీకే దొరికేది. అయినా నీకు వచ్చింది లేని పదార్థమేమీ కాదులే; విటమిన్ సి ఆక్సీకరణం చెంది రెండు హైడ్రోజన్లు పోగొట్టుకుంటే ఏర్పడే డీహైడ్రోఆస్కార్బిక్ ఆమ్లానిది సరిగ్గా అదే ఫార్ములా.

శ్రోత: 176 అని ఇవ్వకపోతే శాతాల నుంచే అణుభారం రాదా సార్?

అధ్యాపకులు: రాదమ్మా. శాతాలు పరమాణువుల నిష్పత్తిని మాత్రమే చెబుతాయి. ఎసిటిక్ ఆమ్లంలోనూ గ్లూకోజులోనూ కార్బన్ 40, హైడ్రోజన్ 6.7, ఆక్సిజన్ 53.3 శాతమే ఉన్నా, ఒకదాని అణుభారం 60, రెండోదానిది 180. అందుకే మరో కొలత కావాలి. తేలికగా ఆవిరయ్యే పదార్థమైతే బాష్ప సాంద్రతను, అంటే దాని ఆవిరి హైడ్రోజన్ వాయువుకంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే సంఖ్యను, రెట్టింపు చేస్తారు. విటమిన్ సి వేడికి విచ్ఛిన్నమవుతుంది కాబట్టి, నీటిలో కరిగించి ఘనీభవన స్థానం ఎంత తగ్గిందో చూడాలి.

నిర్వాహకురాలు: శ్రీకాళహస్తి నుంచి మరొకరు.

రెండో శ్రోత: నమస్కారమండీ. మా అబ్బాయి పుస్తకంలో హీమోగ్లోబిన్‌లో ఇనుము 0.34 శాతం అని మాత్రమే ఇచ్చి అణుభారం అడిగారు. ఇది ఎలా సాధ్యమండీ?

అధ్యాపకులు: అడగవలసింది కనీస అణుభారమండీ. అణువులో ఒక్క ఇనుము పరమాణువైనా ఉండాలి కాబట్టి 55.85ను 0.34తో భాగించి 100తో హెచ్చిస్తే సుమారు 16,426 వస్తుంది. 1925లో ఏడైర్ అనే శాస్త్రవేత్త ద్రవాభిసరణ పీడనాన్ని, అంటే సన్నని పొర గుండా ద్రావణంలోకి నీరు చొరబడే ఒత్తిడిని కొలిచి, అసలు అణుభారం దానికి దాదాపు నాలుగింతలని, అంటే అణువులో నాలుగు ఇనుము పరమాణువులున్నాయని తేల్చారు. 16,426ను 4తో హెచ్చిస్తే 65,700 దాటుతుంది. నేడు తెలిసిన విలువ సుమారు 64,500. శాతాన్ని రెండు దశాంశాలకు కుదించినందువల్లే ముఖ్యంగా ఆ తేడా.

రెండో శ్రోత: అయితే ఆ నాలుగు అనే సంఖ్య ప్రశ్నలోనే ఇవ్వాలి కదండీ?

అధ్యాపకులు: ఇవ్వాలండీ. ఇవ్వనప్పుడు అబ్బాయిని 16,426 రాసి, పక్కనే ‘కనీస అణుభారం’ అని స్పష్టంగా పేర్కొనమనండి.