బ్యాటిల్‌టెక్‌లో మెషిన్ గన్: తొంభై మీటర్ల లెక్క

అందరికీ నమస్కారం. మెక్‌లనే భారీ యుద్ధ రోబోలతో బల్ల మీద ఆడే ఆట బ్యాటిల్‌టెక్. అది ఆడేవాళ్లు నలుగురు కూర్చుంటే ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది: ఇంత పెద్ద యంత్రం మీది మెషిన్ గన్ 90 మీటర్లు దాటి కొట్టలేకపోవడమేంటి?

మ్యాప్ మీది ఆరు భుజాల గడి హెక్స్, ఒక్కోటి 30 మీటర్లు. మెషిన్ గన్ రేంజ్ మూడు హెక్స్‌లు. నిజజీవితంలోని .50 క్యాలిబర్ మెషిన్ గన్ ఎం2 బ్రౌనింగ్ 1,800 మీటర్ల దాకా పనికొస్తుంది, అంటే 60 హెక్స్‌లు. మ్యాప్ షీట్ పొడవు 17 హెక్స్‌లే. మూడున్నర షీట్లు వరసగా పరిస్తే బల్ల ఆరడుగులు దాటుతుంది. అందుకే అన్ని ఆయుధాలకూ రేంజ్ కుదించారు. 14 టన్నుల ఏసీ/20 (ఆటోకానన్ అనే పెద్ద ఫిరంగి) కూడా 270 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

నా దృష్టిలో అసలు పొసగనిది తూకం. ఎం2 బరువు 38 కిలోలు, ఆటలోది అర టన్ను. ఏ-10 విమానంలోని 30 మి.మీ. జీఏయూ-8 తుపాకీ కూడా 281 కిలోలే. మందుగుండు లెక్క మాత్రం చక్కగా కుదిరింది. టన్నుకు 200 షాట్లు, అంటే షాటుకు 5 కిలోలు. .50 తూటా సుమారు 115 గ్రాములు కాబట్టి షాటుకు 43 తూటాలు. నిమిషానికి 500 చొప్పున ఐదు సెకన్లు కాలిస్తే దాదాపు అంతే ఖర్చవుతాయి. టర్ను పది సెకన్లు, సరిపోయింది.

ఇక డ్యామేజ్. మామూలు కవచం టన్నుకు 16 పాయింట్లు, పాయింటుకు 62.5 కిలోలు. మెషిన్ గన్ రెండు పాయింట్లు తీస్తుంది. అంటే 5 కిలోల తూటాలు 125 కిలోల కవచాన్ని ఊడగొడుతున్నాయి! రేంజ్ దగ్గర పీనాసితనం చూపిన రూల్సు ఇక్కడ ధారాళంగా ఇచ్చాయి. కాబట్టి మెక్‌లను కొట్టేటప్పుడు మెషిన్ గన్ రేంజ్ పెంచకండి. ఆరు టన్నుల చిన్న ఆటోకానన్ ఏసీ/2 చేసేదీ రెండు పాయింట్లే, దానికి 24 హెక్స్‌ల రేంజ్ ఒక్కటే దిక్కు. అర టన్ను తుపాకీకి, అదీ వేడి పుట్టనిదానికి, రేంజ్ కూడా ఇస్తే ఏసీ/2ని ఎవరూ ముట్టుకోరు.

కాల్బలం సంగతి వేరు. రైఫిల్ ప్లటూన్ కూడా మూడు హెక్స్‌ల దాకా కొడుతుంది, మెషిన్ గన్ కూడా అంతే. ఇది మాత్రం మింగుడుపడదు. కాల్బలం మీద మాత్రమే రేంజ్‌ను (దగ్గర, మధ్య, దూరం) 2, 4, 6 హెక్స్‌లుగా పెట్టుకోండి. కాల్బలం మీద దానికున్న 2డి6 (రెండు పాచికల మొత్తం) డ్యామేజ్‌ను కదిలించొద్దు.

చివరగా లోకస్ట్ ఎల్‌సీటీ-1వీ అనే తేలికపాటి మెక్. రెండు మెషిన్ గన్లు, టన్ను మందుగుండు: వంద టర్నులకు సరిపడా! ఆట పన్నెండు టర్నులు సాగితే గొప్ప. ఆ టన్ను ఉన్నది సెంటర్ టోర్సోలో, అంటే మొండెం మధ్యభాగంలో. అక్కడ క్రిటికల్ (లోపలి సామాగ్రికి తగిలే దెబ్బ) తగిలితే 200 షాట్లూ పేలి 400 డ్యామేజ్. లోపలి నిర్మాణం ఆరు పాయింట్లే. అర టన్నుకు తగ్గించినా పేలుడు 200, మెక్ ఎలాగూ దక్కదు. మిగిలిన అర టన్నుతో ఎనిమిది పాయింట్ల కవచం వస్తుంది కానీ, 69 పరిమితిలో 64 ముందే ఉన్నాయి కాబట్టి పట్టేది ఐదే. సెంటర్ టోర్సో కవచం ముందే పరిమితికి చేరింది కాబట్టి, తలకు ఒకటి, చేతులకు చెరో రెండు వేయండి.