కాలువలు కట్టేసిన దగ్గర్నుంచి ఉగాది దాకా
(స్థానిక చరిత్ర సంఘం వార్షిక సమావేశంలో కార్యదర్శి ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, పెద్దలకు, ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం.

కార్యదర్శి నివేదిక అనగానే వెనక వరసల్లోవాళ్లు టీ డ్రమ్ము వైపు చూస్తారని తెలుసు. నెలవారీ జాబితా అచ్చువేసి గుమ్మం దగ్గర పెట్టాం, అదిక్కడ చదవను. నాకు చెప్పాలనిపించిన నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

మన సంఘం పని అసలు మొదలయ్యేది ఎండాకాలంలో, గోదావరి డెల్టా కాలువలకు నీళ్లు కట్టేశాక. నీళ్లు తగ్గితే లాకుల గోడలు, తూముల అడుగు రాళ్లు, వంతెనల కానాలు బయటపడతాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువల మీది కట్టడాలు మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కడుతూనే ఉన్నారు. రాతి మీద సంవత్సరం చెక్కిన చోటల్లా పాచి కడిగి, ఫొటో తీసి, ఏ ఊరు, ఏ కాలువ, ఏ గట్టు అన్నది రాసుకున్నాం. రాయి లేనిచోట ఊళ్లో ఎవర్నడిగినా ఒకటే జవాబు: "కాటన్ దొర కట్టించాడండీ." ఆయన కొలువు చాలించి ఇంగ్లండు వెళ్లిపోయాక కట్టినవి కూడా ఆయన ఖాతాలోనే. అభిమానం తప్పని నేననను. మన పుస్తకంలో మాత్రం "ఊరివాళ్ల మాట" అని ఒక గడి, "రాతి మీద ఉన్నది" అని ఇంకో గడి వేరువేరుగా ఉన్నాయి. ఈ రెండు గడులూ కలిపేయకుండా చూడటమే నా ఉద్యోగం.

వానలు పడ్డాక కాగితాల మీద కూర్చున్నాం. 1984లో కరణాల పదవులు రద్దయ్యాక చాలా గ్రామాల పాత లెక్కలు ఎవరింట్లో ఉన్నవి వాళ్లింట్లోనే ఉండిపోయాయి. అటకల మీద, ట్రంకుపెట్టెల్లో, కొన్ని చెదల నోట్లో. ఇచ్చిన కుటుంబాలకు దండం పెట్టాలి. వాళ్ల అనుమానం కూడా న్యాయమైనదే. పాత దస్తావేజు బయటికి వెళ్తే పొలం తగాదా లోపలికి వస్తుందని భయం. అందుకే అసలు కాగితం మనం తీసుకోం. వాళ్లింటి అరుగు మీదే ఫొటో తీసి, అక్కడే తిరిగి ఇచ్చేస్తాం.

చదవడం మరో యజ్ఞం. గొలుసుకట్టు రాత, అంటే అక్షరాలు కలిపేసి రాసే పాత దస్తూరి, చదవగలవాళ్లు మన సంఘంలో ముగ్గురే, ముగ్గురికీ డెబ్భై దాటాయి. ఈ ఏడాది ఇద్దరు డిగ్రీ పిల్లలు వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకుంటున్నారు. నన్నడిగితే సంవత్సరం మొత్తానికీ మనం చేసిన మంచి పని అదే. కాగితం మీద తారీకు ఫసలీలో, అంటే పాత రెవెన్యూ లెక్కల సంవత్సరంలో, ఉంటుంది. క్రీస్తుశకంలోకి మార్చాలంటే దానికి 590 కలపాలి. ఫసలీ 1300 అంటే 1890 జులైలో మొదలై మరుసటి జూన్‌తో ముగిసిన ఏడాది. శాసనంలోనైతే శకవర్షం, దానికి 78 కలపాలి. ఉత్త "ప్రమాదీచ" అని రాసి వదిలేస్తే అరవయ్యేళ్లకోసారి తిరిగొచ్చే ఆ పేరుతో ఎవరూ ఏమీ తేల్చలేరు. మొదట్లో పిల్లలు విసుక్కున్నారు. ఇప్పుడు వాళ్లే నా లెక్కలు దిద్దుతున్నారు.

కార్తీకం జనం తగ్గాక ద్రాక్షారామం వెళ్లాం. అక్కడి శాసనాలు పురావస్తు శాఖవారి 'దక్షిణ భారత శాసనాలు' నాలుగో సంపుటంలో ఎప్పుడో అచ్చయ్యాయి. మరెందుకు వెళ్లడం అని ఒక పెద్దాయన అడిగారు. అచ్చులో ఉన్న పంక్తిని రాతి మీద వేలు పెట్టి చూపిస్తే పిల్లల కళ్లలో వచ్చే వెలుగు పుస్తకంతో రాదు. రాజుల యుద్ధాలుంటాయని వచ్చినవాళ్లకు కాస్త నిరాశే. అక్కడ ఎక్కువగా కనిపించేవి అఖండ దీపాల ఒప్పందాలు. దాత ఇన్ని గొర్రెలో ఆవులో ఇస్తాడు, వాటిని ఒక బోయకు, అంటే మందల కాపరికి, అప్పగిస్తారు, అతను రోజూ కొలత ప్రకారం గుడికి నెయ్యి పొయ్యాలి. రాజు పేరు పక్కనే ఆ బోయ పేరు కూడా రాతికెక్కింది. నాకైతే వేంగి, చోళ వంశవృక్షాల కన్నా ఆ నెయ్యి లెక్కే ఎక్కువ రుచి.

అచ్చుకాని శాసనం దొరికితే ఎస్టాంపేజీ తీస్తారు. రాయిని కడిగి, తడిపిన కాగితం అంటించి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొడతారు. కాస్త ఆరాక పైన సిరా అద్దితే నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా తేలతాయి. మనవాళ్లెవరూ సొంతంగా ప్రయత్నించవద్దని మనవి. అనుమతి కావాలి, చెయ్యి తిరిగుండాలి. మనకు ఫోన్ కెమెరా, పక్కనుంచి ఏటవాలుగా వేసే టార్చిలైటు చాలు.

వరదల సంగతి ఒకటుంది. లంక గ్రామాల్లో 1953, 1986 వరదలు చూసినవాళ్ల మాటలు రికార్డు చేస్తున్నాం. నీళ్లు ఎంతదాకా వచ్చాయో గోడ మీద గీసుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్లు పడగొట్టి డాబాలు వేస్తున్నారు, కాబట్టి గీత ఎత్తు టేపుతో కొలిచి పెట్టుకుంటున్నాం. "ఇది చరిత్రేమిటండీ, మేం చూసిందే కదా" అంటారు. 1996 నవంబరు తుఫాను కూడా మనం చూసిందే. ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నారు.

మనలాంటి పని ఈ గడ్డకు కొత్తేమీ కాదు. రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకం 1022లో జరిగింది. తొమ్మిది వందల ఏళ్లు నిండాయని 1922లో రాజమహేంద్రవరంలో ఉత్సవం చేసి సంచిక వేశారు. ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టిందీ ఆ ఏడాదే. దాని స్థాపకుల్లో ఒకరైన భావరాజు వెంకట కృష్ణారావు గారు వకీలు. కోర్టు పనితో పాటు వేంగి చాళుక్యుల శాసనాల మీద కూర్చున్నారు. 1926 నుంచి మండలి సొంత పత్రిక తెచ్చింది. ఆ సంపుటాలు నేటికీ ఉదహరిస్తారు. ఉత్సవాలు అప్పుడూ ఇప్పుడూ చేస్తూనే ఉన్నాం. ఉత్సవం అయ్యాక పత్రిక నడపడం ఎంత కష్టమో మన త్రైమాసికం చూస్తే తెలుస్తుంది. ఈ ఏడాది నాలుగు రావాలి, రెండొచ్చాయి.

ఇక అసలు విన్నపం. 2027లో గోదావరి పుష్కరాలు. పాత గుళ్లకు మరమ్మతులు, రంగులు వస్తాయి. ఒక గుళ్లో ఇసుక పిచికారీతో గోడ శుభ్రం చేశారు. గోడ తెల్లబడింది, అక్షరం పోయింది. చేసినవాళ్లు భక్తితోనే చేశారు. అందుకని పరంజా కట్టకముందే మీమీ ఊరి గుడి గోడలు, స్తంభాలు, గడపలు, ధ్వజస్తంభం పీఠం నాలుగు వైపులా ఫొటోలు తీయండి. పక్కన స్కేలు పెట్టండి, తారీకు రాయండి. చదవడం రాకపోయినా ఫరవాలేదు. ఏ ఊరు ఎవరు తీసుకుంటారో రాసుకోవడానికి బల్ల మీద నోటుపుస్తకం ఉంది. ఇప్పటికి సగం గళ్లు ఖాళీ.

లెక్కలు కోశాధికారి గారు చదువుతారు. చందా బాకీ ఉన్నవాళ్లు ఆయన చూపు తప్పించుకోవద్దు.