రాకాసి అంటే తిట్టు ఒక్కటే కాదు

అందరికీ నమస్తే. స్టేజీ మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే మూడుసార్లు చదివేశారు, నాలుగోసారి నేను చదవను, ఏమనుకోకండి. తెలుగు భాషా దినోత్సవం కదా, గిడుగు రామమూర్తి గారి గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతా. కానీ ముందు నా ఏడో తరగతి అరమార్కు సంగతి తేలాలి.

మా నాన్న సింగరేణి కార్మికుడు. మా ఇంట్లో బొగ్గంటే రెండే రకాలు, కట్టెబొగ్గు, రాక్షసిబొగ్గు. పరీక్షలో ఖనిజాల పేర్లు అడిగితే నేను రాక్షసిబొగ్గు అని రాశా. సారు ఎర్ర ఇంకుతో కొట్టేసి, పైన నేలబొగ్గు అని రాసి, పక్కన "రాక్షసులు లేరు" అని ఇంకో ముక్క రాసి అరమార్కు తీసేశాడు. ఇంటికెళ్లి చూపిస్తే నాన్న నవ్వి, "మీ సారును ఒక్కపాలి బొగ్గుబాయిల దింపు, ఆ పేరెందుకొచ్చిందో తెలుస్తది" అన్నాడు.

రాక్షసులు లేకపోతే పోనీ సార్, మాట ఉంది కదా! సంస్కృతంలో రక్షస్. రామాయణం ఉత్తరకాండలో ఏముందంటే, బ్రహ్మ నీళ్లు సృష్టించి కొన్ని ప్రాణుల్ని పుట్టించి ఈ నీళ్లని చూస్కోండి అంటే, "రక్షిస్తాం" అన్నవాళ్లు రాక్షసులయ్యారట. అంటే వాచ్‌మన్ డ్యూటీ అన్నమాట, తర్వాత వాళ్ల పేరు ఎట్లా చెడిందో మీకు తెల్సిందే. మన నోట్లో పడి అది రక్కసుడు, రక్కసి, రాకాసి అయ్యింది, అయ్యి కొత్త పనికి కుదిరింది, కొలతకి అందని దేనికైనా ముందు నిలబడ్డం. మన జానంపేట అడవిలో బండలు నిలబెట్టి పైన బండ కప్పిన పాతకాలం సమాధులున్నాయి చూశారా, ఇంత రాయి మనిషెవడు ఎత్తుతాడు అనుకుని అలాంటివాటికి రాక్షసగుళ్లు అని పేరు పెట్టుకున్నారు జనం. 1842లో రిచర్డ్ ఓవెన్ గ్రీకు మాటలు కలిపి డైనోసార్ అన్నాడు, భయంకరమైన బల్లి అని, మనం రాక్షసబల్లి అనేసరికి భయమూ వచ్చింది సైజూ వచ్చింది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఒకటి నిలబెట్టారు, మన గోదావరి లోయదే, కోటాసారస్ యామనపల్లియెన్సిస్, పేర్లోనే యామనపల్లి అనే ఊరుంది, పిల్లలూ, చూడకపోతే వెళ్లి చూడండి.

అన్నిచోట్లా రాక్షసుణ్ణి వెతక్కండి మళ్లీ. 1565 రాక్షసితంగడి యుద్ధంలో రాక్షసీ లేదు ఏమీ లేదు, కృష్ణ ఒడ్డున రక్కసగి, తంగడగి అని రెండూళ్లు, అంతే.

ఇంకోటి, ముందు వరసలో అక్కలున్నారు కాబట్టి చెప్తున్నా. తెగ కష్టపడే మగాణ్ణి పని రాక్షసుడు అని మెచ్చుకుంటాం. అదే పేపర్లో కరువు రక్కసి, ఫ్లోరైడ్ రక్కసి, చెడ్డదంతా ఆడదే! మా నాయనమ్మ మాత్రం నా చెల్లెల్ని "రాకాసిపిల్లా" అని పిల్చి ముద్ద పెట్టేది, అది ఏ లెక్కలోకొస్తుందో మీరే చెప్పాలి.

ఆ, గిడుగు గారు. జనం మాట్లాడే మాట పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా కొట్లాడిన మనిషి, 1863లో ఇదే రోజు పుట్టారు. ఆ లెక్కన నా అరమార్కు ఆయన ఖాతాలోదే కదా? ఇక్కడ టీచర్లు చాలామంది ఉన్నారు. రేపు ఏ పిల్లాడైనా రాక్షసిబొగ్గు అని రాస్తే కొట్టేయకండి, నేలబొగ్గు కూడా పక్కన రాయండి, మార్కు మాత్రం ఇచ్చేయండి. మైకు లాగుతున్నారు, దిగుతున్నా.