తెరవగానే పనికొచ్చే డ్రాయింగు

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకు వినిపిస్తోందా? సరే.

నేను చేసేది ఇళ్ల స్ట్రక్చరల్ డిజైన్. హన్మకొండలోనే చిన్న ఆఫీసు. వేరేవాళ్లు గీసిన ప్లాన్ మా దగ్గరకు వస్తుంది, దాని మీద మేం కాలమ్‌లు, బీమ్‌లు గీస్తాం. అంటే రోజూ నా పని ఇంకొకరి డ్రాయింగు తెరవడంతోనే మొదలవుతుంది. అందుకే ఆటోక్యాడ్ ఫైళ్లను బరువు పెరగకుండా, శుభ్రంగా ఎలా ఉంచుకోవాలో మాట్లాడమంటే వెంటనే ఒప్పుకున్నాను.

పోయిన నెల ఒక ఫైలు వచ్చింది. 200 గజాల స్థలం, జీ ప్లస్ టూ ఇల్లు. ఫైలు సైజు 46 ఎంబీ. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే అటాచ్‌మెంట్‌గా పోదు కాబట్టి పెన్‌డ్రైవ్‌లో పట్టుకొచ్చారు. తెరవడానికే చాలాసేపు పట్టింది. లేయర్లంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటివి, గోడలు ఒకదాని మీద, తలుపులు ఇంకోదాని మీద గీస్తాం. ఆ లేయర్ల లిస్టు చూస్తే 900కు పైగా పేర్లు, సగం మనకు తెలియని భాషల్లో. గోడలన్నీ లేయర్ సున్నాలో, అంటే ప్రతి ఫైల్లో ముందే ఉండే లేయర్‌లో ఉన్నాయి. ఇంత చిన్న ఇంటికి అంత బరువు ఎక్కడినుంచి వచ్చింది?

ఎక్కువగా డౌన్‌లోడ్ చేసిన బ్లాకుల నుంచే, అంటే ఒకే వస్తువుగా కట్టిపెట్టిన గీతల బొమ్మల నుంచి. నెట్‌లో సోఫా సెట్టు, కారు, చెట్టు దొరుకుతాయి, తెచ్చి పేస్ట్ చేస్తాం. ఆ సోఫాతో పాటు దాన్ని గీసినవాళ్ల లేయర్లు, టెక్స్ట్ స్టైల్స్, లైన్‌టైప్‌లు అన్నీ మన ఫైల్లోకి వస్తాయి. నచ్చలేదని సోఫాను డిలీట్ చేస్తాం, స్క్రీన్ మీద పోతుంది, కానీ దాని డెఫినిషన్ ఫైల్లో అలాగే ఉంటుంది. తర్వాతి ఇంటికి ఈ ఫైల్నే కాపీ చేసి సేవ్ యాజ్ కొట్టి మొదలుపెడతాం. ఇలా నాలుగేళ్లు, ఒక ఇంటి చెత్త ఇంకో ఇంటికి మోసుకుంటూ పోతాం.

శుభ్రం చేసే ముందు ఫైలు కాపీ తీసి పక్కన పెట్టుకోండి, ఇది మాత్రం తప్పనిసరి. తర్వాత ఫైల్లో తప్పులు వెతికే ఆడిట్ కమాండ్ కొట్టి, ఉంటే సరిచేయించండి. ఆ తర్వాత పర్జ్ కమాండ్. వాడకంలో లేని బ్లాకులు, లేయర్లు, స్టైల్స్ దాంతో పోతాయి. బ్లాకులో బ్లాకు ఉంటే ఒక్కసారికి అన్నీ పోవు కాబట్టి నెస్టెడ్ అనే టిక్కు పెట్టండి, లేదా పోయేదేమీ మిగలనంతవరకు మళ్లీ మళ్లీ కొట్టండి. రెగ్‌యాప్స్ అని ఇంకొకటి ఉంటుంది, వేరే సాఫ్ట్‌వేర్లు వదిలి వెళ్లిన పేర్లు అవి. చాలా ఫైళ్లలో వేల సంఖ్యలో పేరుకుపోయి ఉంటాయి. ముందు హైఫన్ పెట్టి పర్జ్ టైప్ చేస్తే కమాండ్ లైన్‌లో ఆ ఆప్షన్ వస్తుంది. సర్వే వాళ్ల నుంచి వచ్చిన మ్యాపుల్లో అయితే డీజీఎన్ అనే వేరే రకం ఫైళ్ల నుంచి వచ్చిన లైన్‌స్టైల్స్ ఉంటాయి, అవి మామూలు పర్జ్‌కు లొంగవు. కొత్త వెర్షన్లలో పర్జ్ డబ్బాలోనే అనాథగా మిగిలిన డేటాను తీసేసే టిక్కు ఉంది, అది పెట్టుకోండి.

ఒకదాని మీద ఒకటి పడిన గీతలను తీసేయడానికి ఓవర్‌కిల్. పనికొచ్చే కమాండే, కానీ టాలరెన్స్, అంటే ఎంత దగ్గరగా ఉంటే ఒకటే గీత అనుకోవాలో చెప్పే అంకె, చూసుకోకుండా కొడితే దగ్గర దగ్గరగా ఉన్న అసలు గీతలు కూడా పోతాయి. చివరికి డబ్ల్యూబ్లాక్ కమాండ్‌తో మొత్తం డ్రాయింగును కొత్త ఫైలుగా రాస్తే, వాడుకలో ఉన్నదే అందులోకి వెళ్తుంది. ఒక్కోసారి సేవ్ కొట్టినా సైజు తగ్గదు, అంతా వృథా అనుకుంటారు. ఆటోక్యాడ్ ప్రతి సేవ్‌లోనూ ఫైలు మొత్తాన్ని తిరగరాయదు, ఐసేవ్‌పర్సెంట్ అనే సెట్టింగు మామూలుగా 50 ఉంటుంది. దాన్ని 0 చేసి సేవ్ చేయండి, పూర్తిగా తిరగరాస్తుంది.

ఇవన్నీ బరువు పెరిగాక చేసే పనులు. అసలు పెరగకుండా చూసుకోవడం ఇంకా ముఖ్యం. రెండేళ్ల కింద ఆర్కిటెక్చర్ చదివే ఒక అమ్మాయి వేయిస్తంభాల గుడి కొలతల డ్రాయింగు గీస్తూ నా దగ్గరకు వచ్చింది. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి, ఎంతో ఓపికగా ఒక్కో స్తంభం కొలిచి గీసింది. చూస్తుంటే ముచ్చటేసింది. కానీ ఒకే నమూనా ఉన్న స్తంభాన్ని కూడా గీతలుగానే కాపీ చేసుకుంటూ పోయింది, ఒక్కో స్తంభంలో కొన్ని వందల గీతలు. ల్యాప్‌టాప్ మాటిమాటికీ ఆగిపోతోంది. ఆ నమూనాలను బ్లాకులు చేశాం. అప్పుడు గీతలు ఫైల్లో ఒక్కసారే ఉంటాయి, మిగతా చోట్ల ‘ఆ స్తంభం ఇక్కడ’ అన్న చిన్న సమాచారమే. ఫైలు పదో వంతుకు వచ్చింది. నిజంగా వేరుగా ఉన్న స్తంభాలను మాత్రం విడిగానే ఉంచాం, సైజు కోసం గుడిని మార్చి గీయకూడదు కదా.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది. మనవాళ్లలో చాలామంది ఒకే ప్లాన్‌ను పక్కపక్కన ఐదుసార్లు కాపీ చేస్తారు, ఒకటి ఆర్కిటెక్చర్‌కు, ఒకటి సెంట్రింగ్ వాళ్లకు, ఒకటి ఎలక్ట్రికల్, ఒకటి ప్లంబింగ్, ఒకటి ఫర్నిచర్. ఫైలు ఐదింతలు అవుతుంది. అది పెద్ద నష్టం కాదు. వాస్తు చూసే ఆయన చెప్పాడని ఓనరు బెడ్‌రూమ్ దర్వాజ ఇటునుంచి అటు మార్చమంటాడు. మీరు నాలుగు కాపీల్లో మారుస్తారు, ఎలక్ట్రికల్ కాపీ మర్చిపోతారు, స్విచ్‌బోర్డు తలుపు వెనకకు పోతుంది. గోడ కొట్టి పైపు వేశాక గాని ఎవరికీ తెలియదు. ఒక్కటే ప్లాన్ ఉంచండి. లేయౌట్‌లో, అంటే ప్రింటుకు షీట్లు అమర్చుకునే చోట, ఐదు షీట్లు పెట్టుకుని, ఒక్కో వ్యూపోర్ట్‌లో, అంటే ప్లాన్‌ను చూపించే కిటికీలో, అక్కర్లేని లేయర్లను వీపీ ఫ్రీజ్ చేయండి, ఆ కిటికీ వరకే అవి కనిపించవు. దర్వాజ ఒక్కచోట మారితే ఐదు షీట్లలోనూ మారుతుంది. అయితే గోడలు, కాలమ్‌లు, ఎలక్ట్రికల్ వేరువేరు లేయర్లలో ఉంటేనే ఇది సాధ్యం. అందుకే లేయర్ల విషయంలో మొదటి గీత నుంచే జాగ్రత్తగా ఉండమంటాను.

లేయర్ సున్నాలో డ్రాయింగు గీయకండి, బ్లాకులు తయారు చేయడానికే వాడండి. సున్నాలో బైలేయర్‌తో, అంటే రంగును లేయర్‌కే వదిలేసి, చేసిన బ్లాకు ఏ లేయర్‌లో పెడితే ఆ లేయర్ రంగు తీసుకుంటుంది. డెఫ్‌పాయింట్స్ అనే లేయర్‌లో అసలే గీయకండి. కొలతలు వేయగానే అది తనంతట తానే వస్తుంది, అందులో గీసింది స్క్రీన్ మీద కనిపిస్తుంది, ప్రింటులో రాదు. మా ఆఫీసు నుంచే ఒకసారి అలా పోయింది. మేస్త్రీ ఫోన్ చేసి “సార్, సంపు ఎక్కడ తవ్వాలె, కాయితంల లేదు” అన్నాడు. నేను స్క్రీన్ మీద చూస్తూ ఉందనే చెప్తున్నాను. అప్పటికే జేసీబీ తవ్వి వెళ్లిపోయింది. మళ్లీ పిలిపించిన ఖర్చు ఇల్లు కట్టుకునే ఆయన మీద పడింది, ఆయన ఏమీ అనలేదు గాని నాకు ఆ రోజు నిద్ర పట్టలేదు.

లేయర్‌ను ఆఫ్ చేయడానికీ ఫ్రీజ్ చేయడానికీ తేడా తెలుసుకోండి. ఆఫ్ చేసిన లేయర్ కనిపించదంతే. ఎరేజ్ కొట్టి ఆల్ అంటే దానిలోవి కూడా చెరిగిపోతాయి. ఫ్రీజ్ చేస్తే అలా జరగదు, రీజెన్‌లో, అంటే స్క్రీన్ మీద బొమ్మను మళ్లీ లెక్కగట్టి గీసేటప్పుడు కూడా లెక్కలోకి రాదు కాబట్టి పెద్ద ఫైలు వేగంగా కదులుతుంది. ముట్టుకోకూడని కాలమ్‌ల లేయర్‌కు లాక్ వేయండి. లేయర్ డిలీట్ కావట్లేదని లేడెల్ అనే కమాండ్ కొట్టే అలవాటు మంచిది కాదు, అది ఆ లేయర్ మీదున్న వస్తువులను బ్లాకుల లోపల కూడా తీసేస్తుంది. దాని బదులు లేమెర్జ్‌తో సరైన లేయర్‌లో కలపండి.

పేర్లు మీ ఇష్టం, కానీ ఆఫీసంతటికీ ఒకటే ఉండాలి. ఆన్‌లైన్‌లో ఇంటి అనుమతికి పెట్టే డ్రాయింగుకు మాత్రం అనుమతిచ్చే ఆఫీసు వాళ్లిచ్చిన పేర్లే వాడాలి, దాన్ని ముందు చదివేది సాఫ్ట్‌వేర్. మన పేర్లను వాళ్ల పేర్లలోకి మార్చడానికి లేట్రాన్స్ ఉంది. ఫైలు పంపేటప్పుడు, దానికి తగిలించిన ఫైళ్లన్నీ కలిపి కట్టే ఈట్రాన్స్‌మిట్ వాడండి. ఎక్స్‌రెఫ్‌లు, అంటే తగిలించిన వేరే డ్రాయింగులు, ఫొటోలూ డీడబ్ల్యూజీ, అంటే మన ఆటోక్యాడ్ ఫైలు, లోపల ఉండవు, అవి ఎక్కడున్నాయో చెప్పే దారి మాత్రమే ఉంటుంది. డీడబ్ల్యూజీ ఒక్కటే పంపితే అవతలి వాళ్లకు ఖాళీ డబ్బా కనిపిస్తుంది.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు తెరవండి. ఆ 46 ఎంబీ ఫైలునే, ఓనరు పేరు, సర్వే నంబరు తీసేసి, వాళ్లనడిగే తెచ్చాను. మా దగ్గర అది 3 ఎంబీకి వచ్చింది, లేయర్లు 24 మిగిలాయి. పర్జ్ వెంటనే కొట్టకండి, ముందు లేయర్ల లిస్టు తెరిచి ఐదు నిమిషాలు చూడండి, ఏ లేయర్ ఏ వస్తువుతో వచ్చిందో పోల్చుకోండి. గోడలు సున్నాలో ఉన్నాయని చెప్పాను కదా, వాటిని ఎలా విడదీస్తారో ఇద్దరిద్దరు కలిసి ఆలోచించండి, నేను ఒక్కో బల్ల దగ్గరకు వస్తాను.