నీళ్ల పైపు పక్కన పెట్టి పెరట్లో ఒక చుట్టు

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ వారం స్టూడియో లేదు, కోనసీమలో అక్కవాళ్ల పెరట్లోనే కూర్చున్నాం. కాకులు అరిస్తే ఎడిట్ చెయ్యను, ముందే చెబుతున్నా. అక్కా, పొద్దున్నే మొక్కల దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లావేంటి? నీళ్లు పొయ్యవా?

అక్క: పోస్తాన్రా, తర్వాత. చేతిలో పైపు ఉంటే కళ్లు మట్టి మీదే ఉంటాయి, మొక్కని చూడం. ముందు ఒక చుట్టు తిరిగొస్తాను.

తమ్ముడు: ఏం చూస్తావ్? ఆకులు పచ్చగా ఉన్నాయా లేదా అనా?

అక్క: ముందు చీమల్ని చూస్తాను.

తమ్ముడు: చీమల్నా?

అక్క: ఆ మందారం మొదట్లో చూడు, బారు కట్టి ఎక్కుతున్నాయి. చీమలకి అక్కడ పనేంటి? పైన ఎక్కడో పిండినల్లి ఉండి ఉంటుంది. అది రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది. దానికోసం చీమలొస్తాయి. వచ్చి ఊరుకోవు, పిండినల్లిని తినడానికి వచ్చే పురుగుల్ని తరిమేస్తాయి కూడా. అందుకే బారు వెంట చూసుకుంటూ పోవడమే. ఇదిగో, చిగురు ముడుచుకుపోయింది చూశావా? లోపల దూదిలా తెల్లగా లేదూ?

తమ్ముడు: అయితే మందు కొట్టాలా?

అక్క: రెండు చిగుళ్లకి మందేంట్రా! తుంచి సబ్బు నీళ్లలో పడేస్తా. మిగతా కొమ్మల మీద నీళ్లు గట్టిగా కొడితే చాలావరకు రాలిపోతాయి. మరీ పాకితే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు. సబ్బు లేకపోతే నూనె కలవదు, పైన తేలుతుంది. అదీ సాయంత్రం పూటే. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడిపోతుంది.

తమ్ముడు: మరి ఇది? పిండినల్లి లాగే ఉంది, కానీ పెద్దది. పరిగెడుతోంది కూడా.

అక్క: దాన్ని ముట్టుకోకు! అది ఒక రకం అక్షింతల పురుగు పిల్ల. పిండినల్లిని తినేదే అది. పెద్దగా, తెల్లగా ఉంటుంది కదా, జనం ముందు దాన్నే చంపుతారు.

తమ్ముడు: సరే, వదిలేశా. ఇటు నిమ్మాకు మీద పిట్ట రెట్ట వేసింది.

అక్క: పుల్లతో కదుపు.

తమ్ముడు: అమ్మో, కదులుతోంది!

అక్క: (నవ్వు) సీతాకోకచిలుక పురుగురా. చిన్నప్పుడు అలా ఉంటుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. విసిగిస్తే తల వెనక నుంచి రెండు కొమ్ములు బయటపెట్టి కంపు కొడుతుంది. కరివేపాకు మీదా, మారేడు మీదా ఉంటుంది. చిన్న మొక్కైతే నాలుగు పురుగులు చాలు, పుల్లలు మిగులుస్తాయి. అప్పుడు ఏరి పెద్ద చెట్టు మీద వేస్తాను. పెద్ద నిమ్మకి ఇదో లెక్క కాదు.

తమ్ముడు: జామాకులు మసి పట్టి ఉన్నాయేంటి? దీనికేదో రోగం వచ్చింది.

అక్క: ఆకు తిప్పి చూడు. అడుగున ఏమైనా ఉందా?

తమ్ముడు: ఏం లేదు, శుభ్రంగా ఉంది.

అక్క: అయితే జామ మీద కాదు, తల పైకెత్తు. కొబ్బరాకుల అడుగున తెల్లగా చుట్లు చుట్లుగా కనిపిస్తున్నాయా? సర్పిలాకార తెల్లదోమ. 2016లో తమిళనాడులో పొల్లాచ్చి వైపు బయటపడింది, తర్వాత మన కోనసీమకీ వచ్చింది. అది వదిలిన జిగురు కింద జామ మీద పడి, దాని మీద మసి పట్టింది. ఇప్పుడు జామకి మందు కొట్టి ఏం లాభం?

తమ్ముడు: కొబ్బరికి కొడితే?

అక్క: ఊళ్లో అందరికీ అదే టెన్షన్. నా మాట మాత్రం కొట్టొద్దనే. ఎన్కార్సియా అని కంటికి ఆనని కందిరీగ ఒకటుంది, తెల్లదోమ పిల్లల్లోనే గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది. రసాయనం కొడితే ముందు పోయేది అదే. మరీ ఎక్కువైతే తెల్లదోమకి జబ్బు తెప్పించే ఇసారియా అనే బూజుని పిచికారీ చేస్తారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడిగితే చెబుతారు.

తమ్ముడు: సరే, నా బాధ విను. హైదరాబాద్‌లో మా బాల్కనీలో కరివేపాకు పసుపుపచ్చగా అయిపోతోంది. రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నా.

అక్క: రోజూనా? వేలు మట్టిలో రెండు కణుపుల దాకా పెట్టి చూడు. తడి తగిలితే ఆ రోజు పొయ్యకు. తడిలో వేరు కుళ్లినా ఆకు పసుపెక్కుతుంది. వెళ్లగానే రెండు ఫోటోలు పంపు. ఒకటి ఆకు తిప్పి అడుగున తీసింది, ఇంకోటి కుండీ కింద కన్నం.

తమ్ముడు: కన్నం ఫోటో ఎందుకే?

అక్క: నీళ్లు బయటికి పోతున్నాయో లేదో అక్కడే తెలుస్తుంది. వేర్లు బయటికొచ్చి కనిపించాయనుకో, పెద్ద కుండీ కొను. 12 అంగుళాలకి తగ్గొద్దు.